2013 డిజైర్ టోటల్ లాస్ అన్నారు, ఐడీవీ (పాలసీలో రాసిన బండి విలువ) కంటే తక్కువకి సంతకం పెట్టమంటున్నారు. పెట్టాలా వద్దా?

ఉప్పల్_రాధిక
నాన్నగారి 2013 డిజైర్ డీజిల్, ఏపీ 29 నంబరు. చౌటుప్పల్ దాటాక ముందు కంటైనర్ ఆగింది, నాన్న ఆపారు, వెనక లారీ ఆగలేదు. నాన్నకి మెడ పట్టేసింది, అంతే, ఇంకేం కాలేదు. బండి మాత్రం చూడలేం. డిక్కీ వెనక సీటు దాకా వచ్చేసింది, రేడియేటర్ ఇంజిన్‌కి అతుక్కుపోయింది, కుడివైపు పిల్లర్ వంగింది.

కాంప్రహెన్సివ్ పాలసీ ఉంది, సొంత బండి నష్టానికీ వర్తించేది. ఐడీవీ 2,40,000. షోరూం వాళ్లు 3,85,000 ఎస్టిమేట్ వేశారు. నష్టం లెక్కగట్టే సర్వేయర్ చూసి టోటల్ లాస్, అంటే రిపేరు దండగ అన్నాడు. సరే అనుకున్నాం. ఇప్పుడు కంపెనీ నుంచి ఒకాయన ఫోన్ చేసి "ఐదేళ్లు దాటిన బండికి ఐడీవీ లెక్కలోకి రాదండీ, మార్కెట్ రేటు చూస్తాం, 1,85,000 వస్తుంది, కన్సెంట్ లెటర్ పంపుతున్నా, సంతకం చేసి స్కాన్ పెట్టండి, వారంలో డబ్బు పడిపోతుంది" అంటున్నాడు. బండి మేమే ఉంచుకుంటే అందులోంచి ఇంకా కోస్తారట. ఇటు షోరూం వాళ్లు పార్కింగ్ రోజుకి 500 అని మొదలెట్టారు.

నాన్నేమో "ఇచ్చింది పుచ్చుకుందాం, ఎందుకీ గొడవ" అంటారు. నాకు మనసొప్పట్లేదు. ఆన్‌లైన్‌లో ఇలాంటి బండే 3 లక్షల పైన చెబుతున్నారు. ఎవరికైనా ఇలా జరిగిందా?

డీజిల్_దాసు
సంతకం పెట్టకండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

నాచారం_నాని
ఆన్‌లైన్ రేట్లు చూసి ఆశ పెట్టుకోకండి. అవి అడిగే రేట్లు, ఆ రేటుకి ఎవడూ కొనడు. పన్నెండేళ్ల డీజిల్ బండికి 1,85,000 అంటే నాకైతే తక్కువేం అనిపించట్లేదు. తీసుకుని బయటపడితే మేలు.

గుంటూరు_మిర్చి
నాని అన్నా, నువ్వు ఏ కంపెనీలో పనిచేస్తున్నావో ముందు చెప్పు.

నాచారం_నాని
కంపెనీ లేదు తమ్ముడూ. మా మామకి తుక్కు షెడ్డు ఉంది. రోజూ ఇవే చూస్తుంటా.

గుంటూరు_మిర్చి
ఇంకేం, అర్థమైపోయింది.

పాత_సర్వేయర్
చాలా ఏళ్లు లాస్ అసెసర్‌గా చేసి మానేసినవాణ్ణి. కాస్త వివరంగా రాస్తాను.

ఆ ఫోన్ చేసినాయన సగం నిజం చెప్పాడు. ఐడీవీకి తరుగు పట్టిక ఉంటుంది: ఆరు నెలల లోపు 5 శాతం, ఏడాది లోపు 15, రెండేళ్ల లోపు 20, తర్వాత 30, 40, అయిదో ఏడు నిండేసరికి 50. ఆ పట్టిక అక్కడితో ఆగిపోతుంది. అయిదేళ్లు దాటిన బండికి మీరూ కంపెనీ ఒప్పుకున్న అంకే ఐడీవీ. ఒప్పుకునేది ఎప్పుడు? పాలసీ రాసినప్పుడు. వాళ్లు 2,40,000 అని రాసి దాని మీదే ప్రీమియం తీసుకున్నారు. లారీ గుద్దాక కొత్తగా బేరం మొదలెట్టడానికి వీల్లేదు.

పాలసీ పుస్తకం తీసి ఐడీవీ అన్న భాగం చదవండి. టోటల్ లాస్ క్లెయిములకి ఈ ఐడీవీనే పాలసీ కాలమంతా మార్కెట్ విలువగా, ఇంకే తరుగూ లేకుండా లెక్కగడతాం అని ఒక వాక్యం ఉంటుంది. ప్రైవేటు కారు ప్యాకేజీ పాలసీలో ఆ వాక్యం మామూలుగా ఉండేదే. ఆ ఒక్క వాక్యం ఫొటో తీసి పెట్టుకోండి. మార్కెట్ రేటు గొడవ మీరు ఎత్తొద్దు. మీరు 3 లక్షలంటే వాళ్లు లక్షన్నరంటారు. అది వాళ్ల ఆట. మీరు ఐడీవీ దగ్గరే నిలబడండి.

ఇక టోటల్ లాస్ ఎలా తేలుస్తారంటే, పాలసీ షరతుల ప్రకారం రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటాలి. మీకు ఆ గీత 1,80,000. పదేళ్లు దాటిన బండికి ఇనుప భాగాల మీద 50 శాతం కోత, రబ్బరు, ప్లాస్టిక్, బ్యాటరీ మీద కూడా 50, గాజుకి కోత లేదు, లేబర్‌కీ లేదు. ఇవన్నీ తీసేశాక కూడా 1,80,000 దాటింది కాబట్టే మీ సర్వేయర్ టోటల్ లాస్ రాసుంటాడు. రిపోర్టు కాపీ అడగండి, అడిగితే ఇవ్వాలి.

మీకు రావాల్సింది 2,40,000లో తప్పనిసరి కోత 1,000 పోగా 2,39,000. 1500 సీసీ లోపు కార్లకి ఆ కోత వెయ్యే. మీరు విడిగా వాలంటరీ డిడక్టిబుల్ (క్లెయిములో మీరే భరిస్తామన్న మొత్తం) ఒప్పుకుని ఉంటే అదీ పోతుంది, పాలసీలో చూసుకోండి.

హన్మకొండ_రమేశ్
రాధికక్కా, టోటల్ లాస్ అన్నరు చూడు, అదే నీ అదృష్టం అనుకో. మా తమ్ముని 2012 ఇండికాకి సర్వేయర్ సార్ చెప్పిన కోతలన్నీ కోసినంక లెక్క 75 శాతం కింద ఆగింది. రిపేర్ చేయించుకోండ్రి అన్నరు. బిల్లుల సగం కూడా కంపెనీ ఇయ్యలె. మిగతాది మా జేబులకెళ్లి పోయింది. అంత పెట్టినంక కూడా ఆ బండి ఎడమకే గుంజుతది.

పాత_సర్వేయర్
రమేశ్ గారు చెప్పింది పాత బండ్లకి తరచూ జరిగేదే. గీతకి కాస్త కింద ఆగితే ఓనరుకి నరకం. అలాంటప్పుడు బండి విప్పాక బయటపడ్డ డ్యామేజీకి సప్లిమెంటరీ ఎస్టిమేట్ వేయించమని అడగాలి. విప్పకముందు పైపైన చూసి రాసిన లెక్క ఆఖరిది కాదు.

లా_పాయింట్
సర్వేయర్ గారి మాటకి కోర్టు బలం కూడా ఉంది. 2008లో సుప్రీంకోర్టు సరిగ్గా ఇలాంటి కేసులోనే చెప్పింది: పాలసీ ఇచ్చేటప్పుడు ఒక విలువ ఒప్పుకుని దాని మీద ప్రీమియం పుచ్చుకున్న కంపెనీ, ప్రమాదం జరిగాక ఆ విలువ ఎక్కువని వెనక్కి తగ్గడానికి వీల్లేదు.

రాధిక గారూ, ఫోన్లో మాట్లాడటం ఆపేయండి. మెయిల్ పెట్టండి. "మీ ప్రతినిధి ఫోన్లో 1,85,000 అన్నారు, ఏ క్లాజు ప్రకారమో రాతపూర్వకంగా చెప్పండి" అని అడగండి. కంపెనీ గ్రీవెన్స్ అధికారి మెయిల్ పాలసీ కాగితం మీదే ఉంటుంది, ఆయన్ని కాపీలో పెట్టండి. ఫోన్లో ధీమాగా చెప్పేవాళ్లు కాగితం మీద రాయమంటే వెనకాడతారు.

నాచారం_నాని
సుప్రీంకోర్టు ఢిల్లీలో ఉంది, పార్కింగ్ మీటరు ఉప్పల్లో తిరుగుతోంది. 54 వేల కోసం ఆర్నెల్లు తిరిగితే ఏం మిగులుతుంది?

లా_పాయింట్
కోర్టుకి పొమ్మని ఎవరన్నారు నానీ? ముందు కంపెనీకి ఫిర్యాదు, దానితో పాటే బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ వాళ్ల బీమా భరోసా పోర్టల్లో నమోదు. ఫోన్ కావాలంటే 155255. నెల దాటినా తేలకపోతే, లేదా వాళ్లు కాదంటే, బీమా ఫిర్యాదులు తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్. రెండు తెలుగు రాష్ట్రాలకీ ఆఫీసు హైదరాబాద్‌లోనే. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. కంపెనీ ఆఖరి జవాబు వచ్చాక ఏడాది లోపు వెళ్లాలి. ఒక్క షరతు, అదే విషయం మీద వినియోగదారుల కమిషన్‌లో కేసు వేసేస్తే ఇక్కడ తీసుకోరు. ఏదో ఒక దారి ఎంచుకోవాలి.

మలక్‌పేట_మురళి
అసలు తప్పు లారీవాడిది కదా. వాడి ఇన్సూరెన్స్ మీద ఎందుకు వెళ్లకూడదు? థర్డ్ పార్టీ, అంటే ఎదుటివాళ్ల ఆస్తి నష్టం 7,50,000 దాకా ఉంటుంది.

డీజిల్_దాసు
మురళి గారూ, దానికి ఎఫ్‌ఐఆర్, ట్రిబ్యునల్, వకీలు, వాయిదాలు. అయ్యేసరికి ఈ మోడల్ ఎలా ఉండేదో కూడా జనం మర్చిపోతారు.

లా_పాయింట్
మురళి అడిగింది సరైన ప్రశ్నే. మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ మనుషుల గాయాలకే కాదు, ఆస్తి నష్టానికీ వింటుంది. కాకపోతే సొంత కంపెనీ దగ్గర తీసుకున్నది మళ్లీ అక్కడ అడగకూడదు. మీకు నిండని భాగం మాత్రమే: క్రేన్ ఖర్చు, పార్కింగ్, నాన్నగారి వైద్యం. అంతకోసం కేసు వేయాలా అన్నది మీ ఓపిక. ఎఫ్‌ఐఆర్ మాత్రం తప్పకుండా కట్టించండి, కాపీ దగ్గరుంచుకోండి. మెడనొప్పి ఇవాళ చిన్నదే, రేపేమవుతుందో తెలీదు.

డాలస్_బావ
ఇక్కడి సంగతి కూడా రాస్తున్నా, మనవాళ్లు చాలామంది పాత కామ్రీలు నడుపుతుంటారు కదా. ఇక్కడ ఐడీవీ అన్నదే లేదు. గుద్దిన రోజుకి బండి మార్కెట్లో ఎంత చేస్తుందో అంతే ఇస్తారు. చుట్టుపక్కల అమ్మకానికున్న అలాంటి బండ్లతో పోల్చి ఒక వాల్యుయేషన్ రిపోర్టు తయారుచేస్తారు. మా 2009 కామ్రీకి ఆ రిపోర్టులో కింది మోడల్ వేశారు, తోలు సీట్లు, సన్‌రూఫ్ లెక్కలోనే లేవు. నేనే దగ్గర్లో అమ్మకానికున్న అదే మోడల్ బండ్లు వెతికి, కొత్త టైర్ల బిల్లు జతచేసి పంపితే పెంచారు. కాబట్టి మీరు అక్కడ ఎత్తొద్దంటున్న మార్కెట్ రేటు గొడవే ఇక్కడ మాకున్న ఏకైక దారి.

బండి మనమే ఉంచుకోవచ్చు కానీ టైటిల్ మీద సాల్వేజ్ ముద్ర పడుతుంది. బాగుచేసి మళ్లీ రోడ్డెక్కించినా ఆ ముద్ర పోదు, అమ్మేటప్పుడు సగం రేటు కూడా రాదు. ఇక లయబిలిటీ (ఎదుటివాళ్ల నష్టం) మాత్రమే కట్టిన పాత బండి మన తప్పుతో పోతే మన కంపెనీ పైసా ఇవ్వదు.

గుంటూరు_మిర్చి
బావా, డాలస్‌లో కూడా పార్కింగ్ మీటర్ తిరుగుతుందా?

డాలస్_బావ
తిరుగుతుంది, డాలర్లలో. టోయింగ్ యార్డులో పెట్టిన రోజు నుంచే. అందుకే ఇక్కడ బండిని వాళ్ల యార్డుకే లాక్కెళ్లమని ముందే చెప్పేస్తాం.

సింగ్‌నగర్_సుబ్బు
2024 సెప్టెంబరులో బుడమేరు వచ్చినప్పుడు మా 2015 ఐ10 డ్యాష్‌బోర్డు పైదాకా మునిగింది. మా వీధిలో ఎన్ని బండ్లు పోయాయో లెక్కే లేదు. మాదీ టోటల్ లాసే. డబ్బు గురించి నాకు పేచీ లేదు, ఐడీవీ ఇచ్చారు. నేను చెప్పేది ఆ తర్వాత సంగతి, దాని గురించి ఇక్కడ ఎవరూ మాట్లాడట్లేదు.

బండి తుక్కుని వేలంలో ఒకాయన కొన్నాడు, మా ఊరివాడు కూడా కాదు. అతని మనిషి వచ్చి పేరు మార్పు కాగితాలు ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పెట్టమన్నాడు. కొనేవాడి పేరు దగ్గర ఖాళీ, తేదీ దగ్గర ఖాళీ. "అందరూ ఇలాగే ఇస్తారు సార్" అంటాడు. నేను ఇవ్వలేదు. కొనేవాడి పేరు, ఆధార్ కాపీ, తేదీ, టైము వేసిన డెలివరీ కాగితం ఇస్తేనే తాళం అన్నాను. రెండు రోజులు అలిగారు. తర్వాత తెచ్చారు.

డీజిల్_దాసు
సుబ్బు గారికి దండం. మా ఫ్రెండు ఒకడు ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి పంపాడు. చాన్నాళ్లకి వేరే రాష్ట్రం పోలీస్ స్టేషన్ నుంచి ఫోన్. వాడి తుక్కు బండి నంబరు పెట్టుకుని ఒక కారు ఎవర్నో గుద్దింది. తీరా చూస్తే అది దొంగబండి. వీడి ఛాసిస్ నంబరు ముక్క కోసి దానికి అతికించారు.

నాచారం_నాని
ఇది మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం. తుక్కులో ఇంజిన్‌కి రేటుంది, తలుపులకి రేటుంది, అన్నిటికంటే ఆర్‌సీకి ఎక్కువ రేటుంది. బండి అప్పడంలా నలిగినా ఆర్‌సీ బతికుంటే దానికి 20, 30 వేలు ఎక్కువ పెట్టేవాళ్లున్నారు. ఎందుకు పెడతారో మీరే ఆలోచించుకోండి. మా మామ ఆర్‌సీ ముట్టడు. రద్దు చేయించుకుని రమ్మంటాడు.

గుంటూరు_మిర్చి
నాని అన్నా, ఇందాక అన్నమాట వెనక్కి తీసుకున్నా.

లా_పాయింట్
2018లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: బండి చేతులు ఎన్ని మారినా రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉంటే నష్టపరిహారానికి వాళ్లే ఓనరు. డబ్బు పడగానే ఊపిరి పీల్చుకోవద్దు, ఆర్‌సీ మీద పేరు పోయాక పీల్చుకోండి. బండి పనికిరాకుండా పోతే మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ ప్రకారం 14 రోజుల్లో ఆర్టీఏకి తెలియజేయాలని కూడా ఉంది. చాలామందికి ఈ సంగతి తెలీదు.

ఉప్పల్_రాధిక
అందరివీ చదివాను. సర్వేయర్ గారూ, ఆ వాక్యం దొరికింది! మీరు చెప్పినట్టే ఉంది. మెయిల్ పెట్టేశాను, గ్రీవెన్స్ వాళ్లని కూడా కలిపాను. నాన్న ఆ వాక్యం కళ్లజోడు పెట్టుకుని చదివి "అయితే వదలొద్దు" అన్నారు, ఇప్పుడు నాకంటే ఆయనకే పట్టుదల ఎక్కువైంది.

ఇంకో సందేహం. బండి మేమే ఉంచుకుంటే ఎలా ఉంటుంది? తుక్కు విలువ 92,000 వేశారట. అది పోగా 1,47,000 ఇచ్చి బండి వదిలేస్తారు. తెలిసిన మెకానిక్ ఒకతను లక్షన్నరలో నిలబెడతానంటున్నాడు.

మలక్‌పేట_మురళి
పిల్లర్ వంగిన బండి వద్దమ్మా. మళ్లీ గుద్దుకుంటే ఈసారి మెడతో పోదు.

పాత_సర్వేయర్
మురళి గారి మాటే నాదీ. వెనక ఛాసిస్ పట్టీలు, ముందు ఏప్రాన్, పిల్లర్, మూడూ ఒకేసారి వంగిన బండిని లాగి సరిచేసినా కొలతలు మళ్లీ కుదరవు. పైకి పెయింట్ మెరుస్తుంది. లెక్క కూడా చూడండి: 92,000 వదులుకుని, మీదట 1,50,000 పెట్టి, అంటే 2,42,000కి గుద్దేసిన బండి కొనుక్కున్నట్టు. వచ్చే ఏడు దానికి ఓన్ డ్యామేజ్ (సొంత బండి నష్టం) పాలసీ ఇవ్వడానికి కంపెనీలు ఇన్‌స్పెక్షన్ దగ్గరే మొహం చాటేస్తాయి. బండిని వాళ్లకే అప్పజెప్పి పూర్తి మొత్తం తీసుకోండి. తుక్కు కొనేవాణ్ణి మీరే వెతుక్కోండి అంటే ఒప్పుకోవద్దు, అది కంపెనీ పని.

హన్మకొండ_రమేశ్
మంచిగ చెప్పిండు సార్. మా తమ్ముని ఇండికా కావాల్నంటే చెప్పు అక్కా, చూసి పో.

ఉప్పల్_రాధిక
సంగతి ముందుకు జరిగింది. మెయిల్ పెట్టాక ఆ ఫోన్లు ఆగిపోయాయి. తర్వాత వేరే మేడమ్ మాట్లాడారు, పాత ఆఫర్ ఊసే ఎత్తలేదు. 2,39,000 అని మెయిల్లోనే రాసి పంపారు. బండి వాళ్లే తీసుకెళ్తారు. ఒరిజినల్ ఆర్‌సీ, రెండు తాళాలు, పాన్, క్యాన్సిల్డ్ చెక్కు, ఫారం 29, 30 అడిగారు. సుబ్బు గారు చెప్పినట్టే ఫారాలు ఖాళీవి! కొనేవాడి వివరాలు రాస్తేనే సంతకం అన్నాను. "కనుక్కుని చెబుతాం" అన్నారు.

క్రేన్‌కి మాత్రం 1,500 దాటి ఇవ్వరట. మాకు 6,000 అయింది. పార్కింగ్ గురించి షోరూంకీ కంపెనీకీ మధ్య నన్ను బంతాడుతున్నారు.

పాత_సర్వేయర్
క్రేన్‌కి 1,500 పాలసీలోనే ఉన్న హద్దు, దాని మీద వాదన దండగ. పార్కింగ్‌కి మాత్రం తేదీలు చూడండి. టోటల్ లాస్ అని తేల్చిన రోజు నుంచి బండి తియ్యకపోవడం కంపెనీ ఆలస్యం. ఆ రోజు నుంచి అయిన చార్జీ వాళ్లదే అని అదే మెయిల్ కింద రాయండి. అంతకుముందుది షోరూం మేనేజర్‌తో ఎదురుగా కూర్చుని మాట్లాడితే తగ్గిస్తాడు, నాన్నగారు పన్నెండేళ్లు సర్వీసింగ్ అక్కడే చేయించి ఉంటే మరీను.

డీజిల్_దాసు
బండి ఇచ్చే ముందు ఫాస్టాగ్ బ్యాంకు యాప్‌లో మూసేయండి. అద్దం మీద అతికించిన స్టిక్కర్ గీకితే చాలదు. గ్లవ్ బాక్స్, సీట్ల కింద కూడా ఒకసారి చూసుకోండి.

గుంటూరు_మిర్చి
స్టెప్నీ, స్టీరియో కూడా తీసేసుకోండి అక్కా, వాళ్లకెందుకు.

పాత_సర్వేయర్
మిర్చీ, ఆ సలహా ఇవ్వకు. సర్వే ఫొటోల్లో స్టెప్నీ, స్టీరియో, బ్యాటరీ అన్నీ ఉంటాయి. వేలం ఆ ఫొటోలు చూసే పాడారు. ఒక్కటి తగ్గినా కొన్నవాడు పేచీ పెడతాడు, డబ్బు ఆగుతుంది.

ఉప్పల్_రాధిక
నాన్న డ్యాష్‌బోర్డు మీది వినాయకుణ్ణి ఇప్పటికే తెచ్చేశారు. దానికి వేలంలో ఎవరూ పాడి ఉండరనుకుంటా. గ్లవ్ బాక్సులో 2013 నాటి డెలివరీ చలాన్, పెట్రోల్ బంకు వాళ్లిచ్చిన ఎండిపోయిన పెన్నులు ఓ పిడికెడు దొరికాయి.

ఫారాల్లో కొనేవాడి పేరు నింపి పంపారు. ఆధార్ కాపీ తీసుకుని, బండి ఎక్కించేటప్పుడు లారీతో సహా ఫొటో తీశాను. డబ్బు పడింది. ఎంపరివాహన్ యాప్‌లో మాత్రం ఇంకా నాన్న పేరే చూపిస్తోంది.

సింగ్‌నగర్_సుబ్బు
వారానికోసారి నంబరు కొట్టి చూస్తూ ఉండండి. మాది మారడానికి చాలా టైము పట్టింది. ఈలోపు ఫలానా తేదీన బండి ఫలానా వాళ్లకి అప్పగించాం అని ఆర్టీఏ ఆఫీసుకి ఒక ఉత్తరం ఇచ్చి, కాపీ మీద ముద్ర వేయించుకోండి. కంపెనీకి కూడా అదే పంపండి.

మలక్‌పేట_మురళి
నాన్నగారికి క్లెయిము లేనందుకు ప్రీమియంలో ఇచ్చే 50 శాతం తగ్గింపు, అదే ఎన్‌సీబీ ఉండుంటే అది కూడా పోయింది, తెలుసు కదా? కొత్త బండికి పాలసీ రాయించేటప్పుడు ఏజెంటు "వేసేద్దాం సార్, ఎవరు చూస్తారు" అంటాడు. ఒప్పుకోకండి. క్లెయిము వచ్చిన రోజు పాత కంపెనీకి రాసి కనుక్కుంటారు.

ఉప్పల్_రాధిక
ఇది తెలీదు మురళి గారూ. ఏజెంటు నిజంగానే అలా అన్నాడు.

బోడుప్పల్_భాస్కర్
మధ్యలో దూరుతున్నా. నాది 2011 వ్యాగనార్, థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే. టిప్పర్ గుద్దింది. మెకానిక్ పనికిరాదన్నాడు. నాకేమైనా వస్తుందా?

డీజిల్_దాసు
మీ కంపెనీ నుంచి రాదు.

లా_పాయింట్
టిప్పర్ ఇన్సూరెన్స్ నుంచి రావచ్చు, పైన మురళికి చెప్పిన దారే. మీ విషయంలో మొత్తం నష్టం అడగొచ్చు కాబట్టి వెళ్లడం దండగ కాదు. టిప్పర్ నంబరు, ఎఫ్‌ఐఆర్, ఎంవీఐ (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్) రిపోర్టు, స్పాట్‌లో తీసిన ఫొటోలు ఉన్నాయా? బండిని అప్పుడే తుక్కుకి అమ్మకండి. విడిగా ఒక థ్రెడ్ పెట్టండి, ఇక్కడ కలిస్తే ఎవరి లెక్క ఎవరిదో తెలీదు.

బోడుప్పల్_భాస్కర్
నంబరుంది, ఫొటోలున్నాయి. ఎఫ్‌ఐఆర్ లేదు. స్టేషన్లో రాజీ పడమన్నారు.

లా_పాయింట్
రాజీ కాగితం మీద సంతకం పెట్టారా?

బోడుప్పల్_భాస్కర్
ఇంకా లేదు. రేపు రమ్మన్నారు.

డీజిల్_దాసు
అయితే రేపు వెళ్లేలోపు ఆ థ్రెడ్ పెట్టండి.